శెనక్కాయల చాక్లెట్లు పంచితే చిన్నతనమా?

ప్రశ్న: అక్కా, మాది కడప. మా ఆయన కువైట్‌లో డ్రైవర్. ఈ ఏడాది ఇంటి అప్పు కంతులు కడుతున్నాం, క్రిస్మస్‌కి చేతిలో పెద్దగా మిగల్లేదు. ప్రతి ఏడూ చుట్టుపక్కల 25 ఇళ్ళకు కేకు ముక్కలు, సండే స్కూల్ పిల్లలు 40 మందికి ఏదో ఒకటి ఇస్తాం. ఈసారి 1,200 రూపాయలు దాటకుండా ఇంట్లోనే చాక్లెట్లు చేసి ఇద్దామనుకుంటున్నా. ఓవెన్ లేదు, చిన్న ఫ్రిజ్ ఉంది. ఫోన్‌లో చూసి కోకో పౌడర్, కొబ్బరినూనెతో ఒకసారి చేశాను, బయట పెట్టిన గంటకే కరిగిపోయాయి. మా ఆడబిడ్డేమో "ఇంట్లో చేసినవి పంచితే డబ్బుల్లేవని అందరికీ తెలిసిపోతుంది, షాపులో రూపాయి చాక్లెట్లు కొనిచ్చెయ్" అంటోంది. ఏం చేయమంటారు? మా ఆయనకు కూడా నాలుగు పంపించొచ్చా?

సమాధానం:

చెల్లీ, ముందు మీ ఆడబిడ్డ మాట తేల్చేద్దాం, అది మనసులో పెట్టుకుని స్టవ్ దగ్గర నిలబడితే చేతికి పని సాగదు. రూపాయి చాక్లెట్లు కొంటే ఖర్చు నిజంగానే తక్కువ, రెండు వందల్లో అయిపోతుంది, నీకు ఈ నెలలో ఓపిక లేకపోతే అదే చెయ్, అందులో తప్పేమీ లేదు. కానీ ఇంట్లో చేసింది ఇస్తే డబ్బుల్లేవని తెలిసిపోతుందన్న మాట నేను ఒప్పుకోను. మన ఇళ్ళలో క్రిస్మస్‌కి పంచేవి గులాబీ పువ్వులు, కజ్జికాయలు, అరిసెలు, ఇవన్నీ ఇంట్లో చేసినవే కదా, ఎవరైనా వాటిని చూసి "పాపం, కొనలేక చేసుకున్నారు" అన్నారా? పైగా ఫలానా వాళ్ళింటి కజ్జికాయలంటే ఎదురుచూసే ఇళ్ళుంటాయి. చాక్లెట్ కూడా అంతే, బాగా చేస్తే.

ఇంకో మాట కూడా చెప్పాలి. కేకు ముక్క ఇచ్చినప్పుడు తీసుకుని, గుడ్డు వేశారేమోనని తినకుండా పక్కన పెట్టేసే ఇళ్ళు మన వీధుల్లో ఉంటాయి, మొహం మీద చెప్పరు అంతే. ఈ చాక్లెట్లలో గుడ్డు ఉండదు. కరిగించడానికి కొనే చాక్లెట్ దిమ్మె (స్లాబ్) ప్యాకెట్ మీద శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసి కొను, ఇచ్చేటప్పుడు "గుడ్డు లేదు పిన్నీ, నేనే చేశా" అని ఒక్క మాట చెప్పు. రమ్, ఎసెన్స్ లాంటివి వేయకు, కొన్ని ఎసెన్సుల్లో ఆల్కహాల్ ఉంటుంది, ముస్లిం ఇళ్ళకు ఇచ్చేటప్పుడు ఆ సందేహం ఉండకూడదు. ఉగాది రోజున దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వెళ్ళి దండం పెట్టుకుని వచ్చే ఊరు మనది, ఇక్కడ ఒకరి పండగ వంట ఇంకొకరింట్లో తినడం కొత్తేం కాదు, తినగలిగేట్టు చేసి ఇవ్వడమే మన పని.

ఇక మొదటిసారి ఎందుకు కరిగాయంటావా, తప్పు నీ చేతిది కాదు. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. చలికాలం పొద్దున్నే మనింట్లో సీసాలో గడ్డకట్టి, ఎండ రాగానే నీళ్ళలా అయిపోతుంది చూడు, అదే ఆ చాక్లెట్‌లోనూ జరిగింది. కడపలో డిసెంబర్‌లో కూడా మధ్యాహ్నం 30 దగ్గరికి వెళ్తుంది, మరి ఆ చాక్లెట్ ఫ్రిజ్ బయట ఎలా నిలబడుతుంది? ఎప్పుడూ చల్లగా ఉండే ఊళ్ళవాళ్ళ పద్ధతి అది. ఇంకా, ఆ వీడియోల్లో కలిపే పంచదార పొడి నూనెలో కరగదు, అందుకే నాలుక మీద ఇసుకలా తగులుతుంది.

నువ్వు కొనాల్సింది కాంపౌండ్ స్లాబ్. బేకరీ సామాన్లు అమ్మే షాపులో "డార్క్ కాంపౌండ్, మిల్క్ కాంపౌండ్" అని అడిగితే ఇస్తారు, 400 లేదా 500 గ్రాముల దిమ్మెలుగా వస్తాయి. అసలు చాక్లెట్‌లో కోకో బటర్, అంటే కోకో గింజల కొవ్వు ఉంటుంది, దీంట్లో దాని బదులు మొక్కల నుంచి తీసిన వేరే కొవ్వు ఉంటుంది. రుచిలో తేడా ఉంటుంది, లేదని చెప్పను. కానీ కోకో బటర్ ఉన్న చాక్లెట్‌ని కరిగించాక 27, 28 డిగ్రీలకు చల్లార్చి, మళ్ళీ 31, 32కి వేడి చేసి, అప్పుడు అచ్చులో పోయాలి, థర్మామీటర్ లేకుండా అది మన వల్ల కాదు, ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే మర్నాటికి పైన తెల్లటి చారలు లేస్తాయి. కాంపౌండ్‌కి ఆ గొడవ లేదు, కరిగించి, కలిపి, ఆరబెడితే చాలు, మన డిసెంబర్ మధ్యాహ్నానికి కూడా ఆగుతుంది. ఒక్క జాగ్రత్త, ప్యాకెట్ లేకుండా ముక్కలుగా కొట్టి తక్కువకిస్తాం అంటే తీసుకోకు, వాటికి తయారీ తేదీ ఉండదు, కొన్ని నోట్లో పెట్టుకుంటే కొవ్వొత్తి నమిలినట్టుంటాయి. తగ్గించుకోవాల్సి వస్తే ప్యాకింగ్‌లో తగ్గించుకో, స్లాబ్‌లో వద్దు.

ఇప్పుడు లోపల ఏం వేయాలి? బాదం, జీడిపప్పు జోలికి పోవద్దు, నీ 1,200 అక్కడే అయిపోతాయి. ఇళ్ళకు శెనక్కాయలవి, పిల్లలకు బొరుగులవి చెయ్. ఇది జీడిపప్పు కొనలేక చెబుతున్న మాట కాదు, దోరగా వేగిన శెనక్కాయ విత్తనానికి డార్క్ చాక్లెట్ చేదు కలిస్తే వచ్చే రుచి జీడిపప్పుతో రాదు, జీడిపప్పు మెత్తగా, తియ్యగా ఉండి చాక్లెట్‌లో కలిసిపోతుంది, శెనక్కాయ తన రుచి తాను నిలబెట్టుకుంటుంది. అనంతపురం, కడప నేలల్లో పండే పంట, దానితో చేసి ఇవ్వడానికి మనకు సంకోచం ఎందుకు? కోకో కూడా మన రాష్ట్రానిదే, ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి తోటల్లో అంతర పంటగా వేస్తారు, దేశంలో ఎక్కువ కోకో పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే.

పిల్లలకు బొరుగులు ఎందుకంటే, 40 మందిలో వేరుశనగ పడని పిల్ల ఒకరైనా ఉండొచ్చు. పడకపోతే దద్దుర్లతో ఆగకపోవచ్చు, ఊపిరి ఆడకుండా కూడా అవుతుంది, ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. పైగా సండే స్కూల్‌లో మూడేళ్ళ వాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళకు గింజ గొంతులో అడ్డం పడుతుంది. బొరుగులకు ఈ బాధ లేదు, తేలిగ్గా ఉంటాయి, కరకరలాడతాయి, తక్కువ చాక్లెట్‌తో ఎక్కువ వస్తాయి, ఉగ్గానికి తెచ్చే బొరుగులే, వేరేవి అక్కర్లేదు.

లెక్క చూద్దాం. 25 ఇళ్ళకు ఇంటికి 5 చొప్పున 125, ఒక్కోటి 9 గ్రాములు, అంటే దాదాపు 1,125 గ్రాములు, ఇందులో చాక్లెట్ 600, వేయించిన శెనక్కాయ విత్తనాలు 525. పిల్లలకు ఒక్కొక్కరికి రెండేసి, మొత్తం 80, ఒక్కోటి 6 గ్రాములు, 480 గ్రాములు, ఇందులో చాక్లెట్ 400, బొరుగులు 80. మొత్తం చాక్లెట్ సరిగ్గా కిలో, 500 డార్క్, 500 మిల్క్ తీసుకో. ఇళ్ళ వాటికి 350 డార్క్, 250 మిల్క్ కలుపు, పిల్లల వాటికి మిగిలింది, మిల్క్ ఎక్కువ ఉంటుంది కాబట్టి చేదు తెలియదు. శెనక్కాయ విత్తనాలు పచ్చివి 600 గ్రాములు కొంటే వేయించి పొట్టు తీశాక సరిపోతాయి.

కాంపౌండ్ కిలో 500 రూపాయలు అని లెక్క కోసం పెట్టుకుంటున్నా, కంపెనీని బట్టి, షాపుని బట్టి మారుతుంది, నువ్వు రెండు చోట్ల అడిగి ఆ ధర ఇందులో వేసుకో. విత్తనాలు, బొరుగులకు 150, చుట్టే రంగు రేకు కాగితాలకు 150, బటర్ పేపర్‌కి 80, చిన్న కవర్లకు 100. 980 అయింది. ఇంకా 220 చేతిలో ఉంటాయి, ధర ఎక్కువైనా అందులో సర్దుకుంటుంది. అచ్చులు కొనకు, అవి లేకుండానే చేద్దాం. రేకు కాగితాలు మాత్రం చాక్లెట్ చుట్టడానికని అమ్మేవే అడిగి తీసుకో, ఫ్యాన్సీ షాపులో గిఫ్టులకు చుట్టే మెరుపు కాగితం తిండికి తగలకూడదు, న్యూస్ పేపర్ అయితే అసలే వద్దు.

పని రెండు సాయంత్రాలది. మొదటి సాయంత్రం బొరుగులవి ముగించెయ్, అప్పటికి వంటింట్లో శెనక్కాయ పొడి ఎక్కడా ఉండదు, గిన్నెలు, గరిటెలు శుభ్రంగా ఉంటాయి. రెండో సాయంత్రం శెనక్కాయలవి. ఈ వరస మార్చకు.

బొరుగులు చేత్తో నలిపితే పొడవ్వాలి, సాగినట్టుంటే బాణలిలో సన్నని మంట మీద రెండు నిమిషాలు వేయించి పూర్తిగా చల్లారనివ్వు. విత్తనాలకు మాత్రం సమయం పెట్టు. ముందు ఏరు, ముడుచుకుపోయినవి, నల్లబడినవి తీసిపారెయ్, ఒక్క చేదు గింజ చాలు ఆ చాక్లెట్ మొత్తం పాడు చేయడానికి. మందపాటి బాణలిలో, మంట బాగా తగ్గించి, పది పన్నెండు నిమిషాలు కలుపుతూనే ఉండు, మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. చిటపట మొదలై, పొట్టు అక్కడక్కడా పగిలి, ఒక గింజ తీసి చీలిస్తే మధ్యలో లేత బంగారు రంగు కనిపించాలి, అప్పుడు దించి పళ్ళెంలో పోసెయ్, బాణలిలోనే వదిలితే ఆ వేడికి ఇంకా వేగిపోతాయి. చల్లారాక గుడ్డలో వేసి రుద్ది, చేటలో చెరిగితే పొట్టు పోతుంది. బద్దలుగా చేసి, సగం మాత్రం కచ్చాపచ్చాగా దంచుకో, దంచినవి చాక్లెట్‌ని పట్టుకుంటాయి, బద్దలు పంటికి తగులుతాయి. చిటికెడు ఉప్పు వేసి కలుపు, దీన్ని మర్చిపోకు, ఉప్పు తగిలితేనే తీపి తెలుస్తుంది.

చాక్లెట్ కరిగించేటప్పుడు ఒకే ఒక్క శత్రువు ఉంది, నీళ్ళు. నేనొక ఏడాది గరిటె కడిగి సరిగా తుడవకుండా గిన్నెలో పెట్టాను, స్పూన్ నీళ్ళు కూడా ఉండవు, అప్పటిదాకా తేనెలా జారుతూ మెరుస్తున్నది కాస్తా కళ్ళ ముందే మెరుపు పోయి, గరగరమంటూ దగ్గరికొచ్చి, రాగి సంగటి ముద్దలా గరిటెకు చుట్టుకుంది, అర కిలో దిమ్మె. ఎంత వేడి చేసినా మళ్ళీ పల్చబడదు. కొద్దిగా నీరు తగిలితే అందులోని పంచదార, కోకో ఆ తడికి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, అందుకే అలా అవుతుంది. నీకు ఒకవేళ అలా అయితే పారెయ్యకు, వేడి పాలు పోసి కలిపి పిల్లలకు తాగడానికి ఇవ్వు, చాక్లెట్లకు మాత్రం పనికిరాదు.

కాబట్టి గిన్నె, గరిటె, కత్తి, చెక్క, నీ చేతులు అన్నీ పొడిగా తుడుచుకో. దిమ్మెను కత్తితో సన్నగా తరుగు, ముక్కలు ఎంత చిన్నవైతే అంత త్వరగా, సమంగా కరుగుతాయి. కింది గిన్నెలో ఒక అంగుళం నీళ్ళు పోసి మరిగించి స్టవ్ ఆపెయ్, ఆ తర్వాతే పైన చాక్లెట్ గిన్నె పెట్టు. పై గిన్నె అడుగు నీళ్ళకు తగలకూడదు, అంచు కింది గిన్నె మూతిని పూర్తిగా కప్పెయ్యాలి, సందు ఉంటే ఆవిరి పైకొచ్చి చాక్లెట్‌లో పడుతుంది. రెండు నిమిషాలు కదిలించకుండా వదిలి, తర్వాత మెల్లగా కలుపుతూ పో. మూడొంతులు కరిగాక గిన్నె దించెయ్, మిగతావి ఆ వేడికే కరుగుతాయి. దించేటప్పుడు గిన్నె అడుగున అంటిన తడిని పొడి గుడ్డతో తుడువు, చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు, అడుగున వేలాడే చుక్క వంచేటప్పుడు జారి లోపల పడుతుంది. 300 గ్రాముల చొప్పున రెండు విడతలుగా చెయ్, మొత్తం ఒకేసారి కరిగిస్తే సగం వేసేలోపు మిగతాది గట్టిపడుతుంది.

విత్తనాలు వేసి అన్నిటికీ చాక్లెట్ పట్టేలా కలిపి, పళ్ళెం మీద బటర్ పేపర్ పరిచి, టీ స్పూన్‌తో కుప్పలు కుప్పలుగా పెట్టు. మొదటి పది పెట్టాక తూకం ఉంటే తూచి చూడు, 90 గ్రాముల దగ్గర ఉంటే నీ చేయి సరిగ్గా ఉన్నట్టు. ఎగుడుదిగుడుగా ఉన్నాయని బాధపడకు, ఈ చాక్లెట్ అందమే అది, రాళ్ళలా, గుట్టల్లా ఉండాలి. బొరుగులవి అయితే పళ్ళెంలో పల్చగా పరిచి, సగం ఆరాక కత్తితో గళ్ళు గీసి, పూర్తిగా ఆరాక విరిచినా బాగుంటాయి. రంగులు వేయాలనిపిస్తే, ఎరుపు, ఆకుపచ్చ, మామూలు నీళ్ళ రంగు వేస్తే పైన చెప్పిన సంగటి కథే, చాక్లెట్‌కి నూనె రంగులు వేరే ఉంటాయి, నా మాట వింటే ఈ ఏడాది రంగులు వద్దు, రేకు కాగితం రంగు చాలు.

రాత్రి ఎనిమిది తర్వాత చేస్తే ఫ్యాన్ కింద బయటే గట్టిపడతాయి. వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురుగా ఉంటే, డిసెంబర్‌లో మనకు అదీ మామూలే, ఆ రోజు మొదలుపెట్టకు. ఫ్రిజ్‌లో పెడితే 10, 15 నిమిషాలు, అంతకు మించి వద్దు, రాత్రంతా వదిలితే బయటికి తీయగానే చెమట పట్టి, ఆ తడి ఆరాక పైన తెల్లగా, గరుకుగా అవుతుంది. ఆరిన అరగంట తర్వాత, పూర్తిగా గది వేడికి వచ్చాక రేకు చుట్టు. పిల్లల వాటికి ఒక రంగు, ఇళ్ళ వాటికి ఇంకో రంగు, పొరపాటున కూడా కలవకూడదు. కవర్లకు స్టేపుల్ పిన్ను కొట్టకు, ఊడి నోట్లోకి పోతుంది, ఎర్ర ఊలు దారంతో కట్టు, మీ ఇంట్లో పిల్లలుంటే ప్రతి కవర్ మీద ఒక స్టార్ గీయమను. ఇళ్ళకిచ్చే కవర్ల మీద "వేరుశనగ ఉంది, గుడ్డు లేదు" అని, చేసిన తేదీ రాయి.

ఒక స్టీలు డబ్బాలో, స్టవ్‌కి దూరంగా పెడితే రెండు వారాలు కమ్మగా ఉంటాయి, ఆ తర్వాత శెనక్కాయ నూనె వాసన మొదలవుతుంది. చాక్లెట్ పక్కన ఏముంటే ఆ వాసన పీల్చుకుంటుంది, కాబట్టి వెల్లుల్లి కారం, సాంబారు పొడి ఉన్న అరలో పెట్టకు. పిల్లల కార్యక్రమం తేదీ చూసుకుని దానికి మూడు రోజుల ముందు మొదలుపెట్టు. అంతకంటే ముందు, ఈ వారంలోనే, 50 గ్రాములు కరిగించి బొరుగులతో ఒక పది చేసి చూడు, మధ్యాహ్నం పన్నెండింటికి బయట గదిలో పెట్టి మూడింటికి పట్టుకుని చూడు, వేలికి అంటకపోతే నీ స్లాబ్ మంచిదే. ఆ పదిలో రెండు మీ ఆడబిడ్డకు పంపు, నువ్వేమీ చెప్పకు, తిననివ్వు. క్యారల్స్ వాళ్ళు రాత్రి ఇంటికొచ్చినప్పుడు టీతో పాటు పెట్టడానికి కూడా ఒక పది ఎక్కువ చేసుకో.

మీ ఆయనకు పంపడం గురించి. పార్సిల్‌లో వేయకు, దారిలో ఏ గోడౌన్‌లో ఎంత ఎండలో ఉంటుందో మన చేతిలో లేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా అటు వెళ్తుంటే వాళ్ళను ముందుగా అడిగి, లోపల ఏముందో చూపించి ఇవ్వు, మూసేసిన పొట్లం ఎవరికీ మోయమని ఇవ్వకూడదు. కువైట్‌లో డిసెంబర్ మనకంటే చల్లగా ఉంటుంది, అక్కడికి చేరాక ఏమీ కాదు, ఇబ్బందల్లా ఇక్కడి నుంచి ఎయిర్‌పోర్ట్ దాకా బస్సులోనే. అందుకని గట్టి మూత ఉన్న చిన్న డబ్బాలో, పొరకూ పొరకూ మధ్య బటర్ పేపర్ వేసి, పెట్టెలో బట్టల మధ్య పెట్టమని చెప్పు, ఎండ తగిలే పక్క జేబులో వద్దు. నాలుగు కాదు, ఒక ఇరవై పెట్టు, గదిలో ఆయనతో పాటు ఉండేవాళ్ళు కూడా తింటారు కదా, ఆ డబ్బా మీద కూడా వేరుశనగ ఉందని రాయి. ఇవి, ముందుగా చేసి చూసేవి, క్యారల్స్ వాళ్ళవి పైన చెప్పిన కిలో లెక్కలో లేవు, వాటికి ఇంకొంచెం చాక్లెట్, విత్తనాలు మిగిలిన 220లోంచి కొను.